రాబర్ట్‌సన్‌పేట చౌకు నుంచి పెడన అచ్చుల దాకా

బందరులో శిల్పాలను నలుగురూ చూసేలా నిలబెట్టిన మొదటి చోటు మ్యూజియం కాదు, బజారు. పంతొమ్మిదో శతాబ్దం తొలి దశకాల్లో ఫ్రాన్సిస్ రాబర్ట్‌సన్ అనే కుంపిణీ అధికారి ఊళ్లో కొత్త పేట ఒకటి కట్టించాడు. దాని నడిమి చౌకులో అమరావతి స్తూపం రాళ్లను దిబ్బలాగా పేర్చి నిలిపాడు. అప్పటి ఇంగ్లీషువాళ్ల రాతల్లో దాని పేరు రాబర్ట్‌సన్ దిబ్బ. మద్రాసులో ప్రభుత్వ మ్యూజియం తెరిచింది 1851లో. అంటే దక్షిణ దేశంలో మ్యూజియం అన్న మాట జనానికి ఇంకా తెలియని రోజుల్లోనే, పేటకు బేరానికి వచ్చిన బందరు మనిషి రెండువేల ఏళ్ల నాటి శాతవాహన శిల్పాన్ని ఎండలో, వానలో, చెయ్యి చాస్తే అందేంత దగ్గర్లో చూశాడు. ఆ దిబ్బ ఇప్పుడు లేదు. పేట మాత్రం రాబర్ట్‌సన్‌పేటగానే ఉంది. పొడుగు పేరు పలకలేక ఆర్.పేట అంటారు.

పనివాడి చేతిపనిని నలుగురికీ చూపించడం దివిసీమకూ, గుడివాడ, నందివాడ పల్లెలకూ ఇంగ్లీషువాళ్లు నేర్పిన సంగతి కాదు. సంక్రాంతికి ఇంటింటా పెట్టే బొమ్మల కొలువు కూడా ఒక ప్రదర్శనే. మెట్లు కట్టి, గుడ్డ పరిచి, కొండపల్లి తెల్లపొణికి కర్రతో చేసిన దశావతారాలు, తాటిచెట్టు ఎక్కే కల్లుగీత మనిషి, అంబారీ ఏనుగు వరసలుగా పెడితే పేరంటానికి వచ్చిన వాళ్లు ఒక్కో బొమ్మ దగ్గరా ఆగి చూస్తారు. ఏ బొమ్మ ఎప్పుడు కొన్నదో, ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో ఇంటావిడ చెబుతుంది. ఇక తిరునాళ్లు సరేసరి. కొల్లేటి ఒడ్డున ఉన్న నందివాడ వైపు పల్లెలకు కొల్లేటికోట పెద్దింట్లమ్మ తిరునాళ్లు ఏటా ఫాల్గుణంలో వచ్చే పెద్ద సందడి. బొమ్మలూ, గాజులూ, కుండలూ, చాపలూ, ఇత్తడి సామానూ ఒక్కచోట చూడటానికి పల్లెటూరి మనిషికి దొరికే అవకాశం అదే. ఈ రెండింటిలోనూ వస్తువు దాన్ని వాడే మనుషుల మధ్యనే ఉంటుంది. రాబర్ట్‌సన్ చౌకుతో వచ్చిన మార్పు ఇక్కడే ఉంది. వస్తువును దాని చోటు నుంచి పెకలించి, చూడటానికి మాత్రమే మరోచోట నిలబెట్టడం దానితో మొదలైంది.

పెకలించడం అంతకు ముందే జరిగిపోయింది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు చింతపల్లి నుంచి తన రాజధానిని అమరావతికి మార్చుకుంటూ కొత్త ఊరు కట్టించాడు. ఇటుకల కోసం, రాళ్ల కోసం ఆయన మనుషులు దీపాలదిన్నె అనే మట్టి దిబ్బను తవ్వారు. లోపల బయటపడింది మహాచైత్యం, అంటే అమరావతి స్తూపం. కల్నల్ కాలిన్ మెకంజీ 1798లో అటు వచ్చి కొంత చూసి వెళ్లాడు. 1816 తర్వాత చిత్రకారులనూ సర్వేయర్లనూ వెంటబెట్టుకుని తిరిగి వచ్చేసరికి దిబ్బ నడిమి భాగం తవ్వి చెరువు చేసేశారు. శిల్పాలు కొన్ని మెట్లలోకీ, గోడల్లోకీ చేరిపోయాయి. మిగిలినవాటిని మెకంజీ బృందం బొమ్మలు గీసి కొలతలు తీసుకుంది. ఆ బొమ్మలే లేకపోతే స్తూపం ఎలా ఉండేదో ఊహించుకోవడం కూడా ఈ రోజు కష్టమయ్యేది.

ఆ తర్వాత కొద్ది ఏళ్లకే రాబర్ట్‌సన్ రాళ్లు బందరు చేరాయి. పల్నాటి సున్నపురాయి అది. పచ్చదనం లీలగా కలిసిన తెలుపు. మెత్తటి రాయి కావడం వల్ల ఉలికి బాగా లొంగుతుంది, చెవిపోగు దగ్గర నుంచి గుర్రం జూలు దాకా సన్నగా పలుకుతుంది. మెత్తదనం వల్లే ఉప్పు గాలికీ, వాన నీటికీ త్వరగా అరిగిపోతుంది. అమరావతి పలకల్లో కొన్నింటిమీద మొత్తం స్తూపాన్నే చిన్నగా చెక్కారు: గుమ్మటం, దాని చుట్టూ ప్రాకారం, ద్వారం పక్కన సింహాలు, పైన ఎగిరే గంధర్వులు. ప్రాకారం స్తంభాల మీద విచ్చుకున్న పద్మాలు ఉంటాయి. ప్రదక్షిణం చేసే భక్తుడి కంటికి వరసగా ఒక్కో కథా అందేలా ఒకప్పుడు వాటిని అమర్చారు. బందరు చౌకులో ఆ వరస పోయింది. కథ తెగిపోయి, పలకలు విడివిడి అందాలుగా మిగిలాయి. అయినా ఊరికి అవి నచ్చాయనడానికి గట్టి సాక్ష్యం ఉంది.

1835లో మద్రాసు గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడం ఉత్తర జిల్లాల పర్యటనలో బందరు వచ్చాడు. వెంట వచ్చిన వైద్యుడు బెంజా చౌకులో చూసిన శిల్పాల గురించి రాసి పెట్టాడు. ముప్పైకి పైగా రాళ్లవి. ఇంత మంచి శిల్పాలు బజారులో పడి ఉండటం తగదని, మద్రాసుకు పంపాలని గవర్నరు తలపెట్టాడు. చౌకు చుట్టూ ఇళ్లున్న వాళ్లు సమ్మతించలేదు. పేట కట్టినప్పుడు తమకిచ్చిన అలంకారం అది, తమదే అన్నారు. ఆ శిల్పాల్లో బుద్ధుడి కథ ఉందని వాళ్లలో ఎంతమందికి తెలుసన్నది ఇక్కడ ముఖ్యం కాదు. మా ఊళ్లో ఉన్నది మా ఊళ్లోనే ఉండాలన్న మాట ఆంధ్రదేశపు శిల్పాల విషయంలో అంత తొందరగా, అంత స్పష్టంగా వినిపించడం చరిత్రలో గుర్తుంచుకోవలసిన సంగతి.

ఆ పట్టు ఎక్కువ కాలం నిలవలేదు. రాళ్లు తర్వాత రేవు అధికారి అలెగ్జాండర్ తోటలోకి చేరాయి. అందరి కళ్లముందు ఉన్న శిల్పాలు ఒక దొర తోటలో చెట్ల మధ్యకు పోయాయి. చివరికి 1850ల నడుమ మద్రాసు మ్యూజియానికి వెళ్లాయి. ఆ సంస్థను అప్పుడు నడుపుతున్న ఎడ్వర్డ్ బాల్ఫోర్ దక్షిణాది శిల్పాలను పోగుచేయడంలో గట్టి పట్టుదల ఉన్నవాడు. 1845లో వాల్టర్ ఇలియట్ అమరావతిలో తవ్వించిన మరో పెద్ద గుట్ట కూడా అప్పటికే మద్రాసులో ఆరుబయట పడి ఉంది. 1858లో లినేయస్ ట్రైప్ వీటన్నిటినీ ఫొటోలు తీశాడు. మరుసటి ఏడు వందకు పైగా పలకలు ఓడెక్కి లండను వెళ్లాయి. అక్కడ వాటికి జరిగిన మర్యాద అంతంత మాత్రమే. 1867లో పారిస్ ప్రదర్శన కోసం భారతీయ శిల్పాల ఫొటోలు వెతుకుతూ జేమ్స్ ఫెర్గుసన్ వెళ్లేసరికి, అవి ఫైఫ్ హౌస్ బండ్ల కొట్టంలో చెత్త మధ్య పడి ఉన్నాయి. 1880లో బ్రిటిష్ మ్యూజియం చేరాక కూడా బాగా చూపించే ఏర్పాటు కుదరడానికి వందేళ్లకు పైనే పట్టింది. గాలీ తేమా అదుపులో ఉండే ప్రత్యేక గది కట్టి అక్కడ పెట్టింది 1992లో. దూరం పోయిన శిల్పం భద్రంగా ఉంటుందన్న మాట ఈ చరిత్ర ముందు నిలవదు. బందరు చౌకులో వాన ఎంత చేసిందో, లండను కొట్టాల్లో నిర్లక్ష్యం అంత చేసింది.

అమరావతి ఒక్కటే కాదు. కృష్ణ కింది డెల్టా అంతా ఇలాంటి దిబ్బలే. గుడివాడలో లంజదిబ్బ, దివిసీమకు ఎగువన ఘంటసాల, నదికి అవతలి ఒడ్డున భట్టిప్రోలు. బౌద్ధం మరుగున పడ్డాక ఆ చోట్లకు జనం పెట్టుకున్న పేర్లలో చిన్నచూపు వినిపిస్తుంది. ఒకప్పటి భిక్షుణుల, నర్తకుల జ్ఞాపకం ఏదో అందులో వంకర తిరిగి మిగిలిందని కొందరి ఊహ. కాలువలు, లాకులు, రోడ్లు వేసే రోజుల్లో పాత ఇటుక దొరికితే ఇంజనీర్లకు పండగే. భట్టిప్రోలు స్తూపం ఇటుక రోడ్డుకూ, చలువరాయి వెల్లటూరు లాకు పనికీ పోయాయి. డెల్టాకు అన్నం పెట్టిన కాలువలే డెల్టా శిల్పాన్ని మింగాయన్నది చేదు నిజం. మిగిలినదాన్ని పద్ధతిగా తవ్వి రాసి పెట్టింది అలెగ్జాండర్ రే. భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాల మీద ఆయన నివేదిక 1894లో అచ్చయింది. భట్టిప్రోలులో రాతి భరిణెలు, వాటి మీద బ్రాహ్మి అక్షరాలు, లోపల స్ఫటికపు కరండాలు, సన్నని బంగారు పువ్వులు దొరికాయి. వాటి పని చూస్తే కంసాలి చేతికి రెండువేల ఏళ్ల కిందటే ఎంత నేర్పుందో తెలుస్తుంది.

ఘంటసాల కథ బందరు కథకు పక్కపక్కనే నడుస్తుంది. టాలెమీ చెప్పిన కొంటకస్సిల రేవు ఇదేనని పండితుల మాట. ఇక్కడి శిల్పాల్లో మేలైనవి కొన్ని సముద్రం దాటి పారిస్‌లోని గీమే మ్యూజియంలో ఉన్నాయి. బుద్ధుడి మీదికి మారుడు దండెత్తిన ఘట్టం వాటిలో ఒకటి. మిగిలినవి ఊళ్లోనే పురావస్తు శాఖ మ్యూజియంలో ఉన్నాయి. గదులు చిన్నవి, వచ్చేవాళ్లు కొద్దిమంది. అయినా శిల్పం చూసి బయటికి వచ్చి కొద్ది దూరం నడిస్తే, అది నిలబడిన స్తూపం దిబ్బనే చూడొచ్చు. లండనుకూ పారిసుకూ లేని భాగ్యం అది.

శిల్పం ఊరు దాటిపోతున్న కాలంలోనే ఊరి చేతిపని కూడా ప్రదర్శనశాలలకు ఎక్కింది. గోలకొండ సుల్తానుల నాడు బందరు రేవు ప్రపంచానికి అద్దకం గుడ్డ పంపిన చోటు. డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు, తర్వాత ఫ్రెంచివాళ్లు ఇక్కడ గిడ్డంగులు పెట్టుకున్నది ప్రధానంగా గుడ్డ కోసమే. కృష్ణా ఇసుక నేలల్లో పెరిగే చిరివేరు నుంచి వచ్చే ఎరుపు ఎంత ఉతికినా దిగదు. ఆ రంగు రహస్యం ఐరోపాను నూరేళ్లకు పైగా ఊరించింది. ఈ అద్దకానికి ఉన్న కలంకారీ అన్న పేరే పారశీకం నుంచి వచ్చింది. మసీదు కమాను ఆకారం, సరుగుడు చెట్టును పోలిన సైప్రస్ చెట్టు, అంచుల నిండా తీగలు వేసిన పరదాలకూ నమాజు గుడ్డలకూ ఇరాన్‌లో చిరకాలం గిరాకీ ఉండేది. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరు మీద పడి సుమారు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. అప్పటికే మిల్లు గుడ్డ దెబ్బకు కుంగిన పనివాళ్ల పేటలు మరి తేరుకోలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే లండనులో ఫోర్బ్స్ వాట్సన్ భారతదేశం నలుమూలల గుడ్డల ముక్కలు కత్తిరించి పుస్తకాలుగా కుట్టించాడు. 1866లో వెలువడిన ఆ వరసలో 18 సంపుటాలు, 700 నమూనాలు. మొత్తం 20 సెట్లు తయారుచేస్తే వాటిలో 13 బ్రిటన్ ఊళ్లకే వెళ్లాయి. ఇక్కడివాళ్లు ఏం కట్టుకుంటారో చూసి అక్కడి మిల్లులు నేసుకోవాలన్నదే వాటి ఉద్దేశం. ఇదీ ఒక రకం ప్రదర్శనే, అయితే ఇందులో పనివాడికి చోటు లేదు. 1880లో జార్జి బర్డ్‌వుడ్ భారతీయ చేతిపనుల మీద రాసిన పుస్తకంలో బందరు తివాచీలు ఒకప్పుడు దేశంలోనే మేలైనవని ఒప్పుకున్నాడు. ఇంగ్లీషు గిరాకీకి తగ్గట్టు నేయించడం వల్లే అవి చెడిపోయాయని కూడా అన్నాడు. చూపించడం వేరు, చూసి కొన్నవాడి మాటకు పనిని మార్చేయడం వేరు. ఈ రెండోది బందరులో ఒక పనినే తుడిచిపెట్టింది.

జిల్లాలోనే చేతిపనులు చూపే భవనం కట్టాలన్న ఆలోచన 1887లో విక్టోరియా రాణి ఏలుబడికి యాభై ఏళ్లు నిండిన సందర్భంలో వచ్చింది. బెజవాడలో ఆ జూబిలీ భవనానికి పునాది వేసింది రాబర్ట్ సెవెల్. పదేళ్ల ముందు అమరావతిని తవ్వించి నివేదిక రాసింది ఆయనే. ఆ భవనం 1962లో పురావస్తు మ్యూజియం అయింది. మరమ్మతులయ్యాక 2020లో బాపు మ్యూజియం పేరుతో మళ్లీ తెరుచుకుంది.

పనివాణ్ణీ, శిల్పాన్నీ, చదువునూ ఒక్క కప్పు కిందికి తేవాలని ఈ ప్రాంతంలో గట్టిగా ప్రయత్నించింది బందరు ఆంధ్ర జాతీయ కళాశాల. 1907లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర పర్యటన రాజేసిన వేడిలోంచి పుట్టి, 1910లో తలుపులు తెరిచింది. కోపల్లె హనుమంతరావు దాని ప్రాణం. కృష్ణాపత్రిక సంపాదకుడు ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య ఆయన చెరో భుజం. సర్కారు డబ్బు ముట్టకుండా చందాలతో నడిపారు. పుస్తకం చదువుతో పాటు నేత, వడ్రంగం, ఇనుప పని నేర్పారు. భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య ఇక్కడ పాఠాలు చెప్పాడు. దేశానికి జెండా ఎలా ఉండాలో ముప్పై రకాల నమూనాలతో ఆయన 1916లో పుస్తకం అచ్చు వేయించాడు. ఒక బొమ్మను చూపించి జాతి మొత్తాన్ని ఒప్పించవచ్చన్న నమ్మకం ఆ కళాశాల గాలిలోనే ఉందనిపిస్తుంది.

1920ల తొలి ఏళ్లలో ప్రమోద్ కుమార్ ఛటర్జీ చిత్రకళ నేర్పడానికి ఇక్కడికి వచ్చాడు. అవనీంద్రనాథ్ ఠాకూర్ బాటలో నడిచిన వంగ చిత్రకారుడు. నూనెరంగుల నునుపు కాక, నీటి రంగును పొర మీద పొరగా కడిగి తెచ్చే లేత ఛాయలు ఆయన పద్ధతి. అడివి బాపిరాజు, కవుతా రామమోహన శాస్త్రి, ఆనందమోహన శాస్త్రి ఆయన దగ్గర నేర్చుకున్నారు. గోదావరి అవతల రాజమండ్రిలో దామెర్ల రామారావు అదే కాలంలో తన చిత్రశాల నడిపి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే కన్నుమూశాడు. రెండు ఊళ్లదీ రెండు దారులు. రాజమండ్రి బొంబాయి చదువు నుంచి వచ్చింది, బందరు కలకత్తా వైపు చూసింది. అయితే బందరులో బొమ్మ గీసే గదికి కాస్త అవతలే మగ్గం చప్పుడు వినిపించేది. కళ అనీ, చేతిపని అనీ గీత గీసి వేరు చేయని చోటు అది. ఆ రోజుల్లో అలాంటిది అరుదు.

ప్రదర్శనకు స్వదేశీ అర్థం తెచ్చింది జాతీయోద్యమం. కాంగ్రెసు మహాసభ ఎక్కడ జరిగినా పక్కన ఖద్దరు ప్రదర్శన పెట్టేవారు. 1923 కాకినాడ సభలో ఆ ప్రదర్శన గుమ్మం దగ్గర వాలంటీరుగా నిలబడ్డ పద్నాలుగేళ్ల దుర్గాబాయి, టికెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ఆపేసింది. నిర్వాహకులు పరుగున వచ్చి టికెట్టు కొని ఇచ్చాక గానీ లోపలికి పోనివ్వలేదు. నేతగాడి పని చూడాలంటే ఎంత పెద్దవాడైనా టికెట్టు కొనాలన్న ఆ పిల్ల పట్టింపు, ఫోర్బ్స్ వాట్సన్ పుస్తకాలకు ఆరు దశాబ్దాల తర్వాత ఆంధ్రదేశం ఇచ్చిన జవాబులా కనిపిస్తుంది.

బాపిరాజు 1935 నుంచి 1939 వరకు అదే జాతీయ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్నాడు. శాతవాహనుల నాటి అమరావతి అయిన ధాన్యకటకం ఆయన్ను వదల్లేదు. ‘హిమబిందు’ నవలలో ఆయన కథానాయకుడు రాజు కాడు, సువర్ణశ్రీ అనే శిల్పి. బందరు చౌకు నుంచి వెళ్లిపోయిన రాళ్లు చెక్కిన చేతులకు మళ్లీ ఒక పేరూ, ఒక ఇల్లూ, ఒక ప్రేమా కల్పించింది బందరులోనే నేర్చుకున్న చిత్రకారుడు.

స్వాతంత్ర్యం వచ్చాక కమలాదేవి చట్టోపాధ్యాయ ముందు నిలిచి నడిపిన అఖిల భారత హస్తకళల బోర్డు 1952లో ఏర్పడింది. చచ్చిపోతుందనుకున్న బందరు అద్దకానికి అలాంటి ప్రోత్సాహంతోనే మళ్లీ ఊపిరి వచ్చింది. పని క్రమంగా పక్కనే ఉన్న పెడనలో నిలదొక్కుకుంది. ఇప్పుడు దానికి బందరు మరో పేరైన మచిలీపట్నంతో, మచిలీపట్నం కలంకారీగా భౌగోళిక గుర్తింపు ఉంది. ఊరి నుంచి ఊరికి తిరిగే హస్తకళల మేళాల్లో పెడన దుప్పట్లు, చీరలు, పరదాలు కనబడతాయి. చిలకలపూడి రోల్డుగోల్డు నగలు కూడా వాటి పక్కనే అమ్ముడవుతాయి. పసిడి లేని ఇంటి పెళ్లికూతురిని నిండుగా చూపించే ఆ పనిని చిన్నచూపు చూడటం తప్పు.

మేళా దుకాణంలో గుడ్డ మాత్రమే కనబడుతుంది, పని కనబడదు. పని చూడాలంటే పెడన కొట్టంలోకే పోవాలి. గంజి పోయేదాకా ఉతికిన గుడ్డను కరక్కాయ రసం, గేదె పాలు కలిపిన నీటిలో ముంచి ఆరబెడతారు. లేత పసుపు తేలుతుంది. పాలు లేకపోతే రంగు గుడ్డంతా పాకుతుంది. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులిసిన ద్రావకంలో టేకు అచ్చును అద్ది, గుడ్డ మీద పెట్టి, పిడికిలితో ఒక్క దెబ్బ కొడతారు. కరక్కాయ తగలగానే గీత నల్లగా తిరుగుతుంది. తర్వాత ఎరుపు రావలసిన చోట పటిక అచ్చు వేస్తారు. అప్పుడు చూసేవాడికి ఎరుపు ఎక్కడా కనబడదు. గుడ్డను కాలువ పారుడు నీటిలో ఉతికి, రంగు చెక్కలు వేసి మరుగుతున్న రాగి కాగులో దించి కర్రతో తిప్పుతుంటే, పటిక పడిన చోటల్లా పువ్వులు ఒక్కొక్కటే ఎర్రబారి పైకి తేలతాయి. కాలువలు కట్టేసే వేసవిలో ఈ ఉతుకు పనికి కష్టం.

అచ్చులు చెక్కేవాళ్లు వేరే. గీతకు ఒక అచ్చు, ఒక్కో రంగుకూ ఒక్కోటి. ఒకే పువ్వుకు నాలుగైదు అచ్చులు ఒకదానిమీద ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. ఏళ్లు వాడి అంచు అరిగిన అచ్చు ఇక గుడ్డ మీదికి రాదు. అయినా దాన్ని పొయ్యిలో పెట్టరు. నూనె పట్టి నల్లబడ్డ ఆ పాత అచ్చులు కొట్టం గోడకు బల్లల మీద వరసలుగా ఉంటాయి. కొత్త అచ్చు చెక్కే మనిషి వాటిలోంచి ఒకటి తీసి, కాగితం మీద దాని ముద్ర వేసుకుని, ఆ ముద్రను టేకు దుంగకు అంటించి ఉలి పెడతాడు.